వీథి యరుగునుండి ప్రాథమిక పాఠశాల వఱకు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, దాని రజతోత్సవ సంచికయందు ప్రాథమిక పాఠశాలనుగూర్చి వ్రాయుటకు కారణము చెప్పవలసియున్నది. గ్రంథాలయమునకు చదువరులను పంపునది పాఠశాల. అచ్చట ఓనమాలు దిద్దని చేయి ఇచ్చట పుస్తకము తెఱవదు. కావున గ్రంథాలయమునకు పండుగ జరుగునపుడు దానికి తల్లివంటిదగు బడిని తలంచుకొనుట న్యాయము.

అంతియే కాదు. మన పల్లెలలో బడి యనునది అక్షరములు నేర్చుకొను చోటుగా మాత్రమే యుండలేదు. అది వార్తలు వచ్చి చేరు చోటు. ఊరివారు కూడు చోటు. గత రెండువందల యేండ్ల చరిత్రను పరిశీలించినచో చదువు, వార్త, కూడిక అను ఈ మూడును ఒకదాని నొకటి విడిచి యుండలేదని తెలియుచున్నది. ఆ కూడికలో ఎవరిని లోనికి రానిచ్చిరి, ఎవరిని వెలుపల నిలిపిరి యను లెక్కయే మన గ్రామముల నిజమైన చరిత్ర. ఆ లెక్కను నాకు తెలిసినంతవఱకు చదువరుల ముందుంచుచున్నాను.

పూర్వపు విద్యాస్థానములు

బడిని తలంచినతోడనే భాగవతము చదివినవారికి ప్రహ్లాదుడు జ్ఞప్తికి వచ్చును. గురువులగు చండామార్కులు ఇంటిపనులలో నుండగా ప్రహ్లాదుడు తోడి రాక్షస బాలురను చుట్టును కూర్చుండబెట్టుకొని తాను గ్రహించిన దానిని వారికి బోధించెను. రాజాజ్ఞకు లోబడిన బడిలో రాజుకు సమ్మతముకాని మాట పుట్టినది ఆ విరామ సమయముననే. బడి యనిన గురువు చెప్పు పాఠము మాత్రమే కాదనియు, పిల్లలు ఒకరితో నొకరు చెప్పుకొనునదియు చదువేయనియు మన పూర్వులు గుర్తించిరనుటకు ఈ కథయే చాలును.

చరిత్రలోనికి వచ్చినచో, గుంటూరు మండలములోని మల్కాపురము శాసనము ముఖ్యమైనది. ఇది 1261లో, కాకతి రుద్రమదేవి కాలమున వేయబడినది. శైవాచార్యుడగు విశ్వేశ్వర శంభువునకు లభించిన గ్రామముల ఆదాయముతో విద్యార్థులకు వసతి, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము నడుపుటకు ఇందు ఏర్పాటు కలదు. వేదములు, వ్యాకరణము, తర్కము, సాహిత్యము చెప్పు అధ్యాపకులతోపాటు ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయు ఒక కాయస్థుడును అచ్చట నియమింపబడిరి. చదువు, వైద్యము, అన్నము ఒకేచోట నుండవలెనను తలంపు మనకు క్రొత్తది కాదని దీనివలన తెలియుచున్నది. కాని అది పెద్ద చదువుల స్థానము. కాపువాని బిడ్డకు, సాలెవాని బిడ్డకు గుణింతములు, ఎక్కములు చెప్పినది అది గాదు. ఆ పని చేసినది వీథిబడి.

1823 నాటి బళ్లారి లెక్క

వీథిబడిని గూర్చి మనకు గట్టి ఆధారముగా నిలిచినది సర్ థామస్ మన్రో చేయించిన విచారణ. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, పిమ్మట చెన్నపట్టణమునకు గవర్నరైన ఈయన, 1822 జూన్ 25న ప్రతి కలెక్టరును తన జిల్లాలోని బడుల సంఖ్యను, చదువు పిల్లల సంఖ్యను వ్రాసి పంపవలసినదని కోరెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదికను పంపెను. ఈ క్యాంబెల్ తెలుగువారికి పరాయివాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ఆంగ్లమున ప్రకటించినవాడు.

అనంతపురము జిల్లా 1882లోగాని బళ్లారినుండి వేఱుపడలేదు. అందుచేత ఆ నివేదికలో చెప్పబడిన బడులలో మన ప్రాంతపు బడులును చేరియున్నవి. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువు పిల్లలు 6,641. బడులలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, మరాఠీవి 23, సంస్కృతమువి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఆంగ్లము చెప్పునది 1. సగటున బడికి పండ్రెండుగురు పిల్లలు. జనసంఖ్యతో పోల్చినచో సుమారు 140 మందికి ఒకడు మాత్రమే బడికి పోవుచుండెను.

ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. లెక్క కట్టినచో తొమ్మిది బడులు తిరిగి చూచినగాని సగటున ఒక్క బాలిక కనబడదు. పూర్వకాలమున మనదేశమున విద్య వెల్లివిరిసినదని చెప్పుకొనునపుడు ఈ అంకెను మఱువరాదు. అట్లే, పల్లెకు బడియే యెఱుగమని చెప్పువారు 533 అను అంకెను మఱువరాదు. రెండును నిజములే.

రాజధాని మొత్తమునకు లెక్కలు వచ్చిన పిమ్మట మన్రో 1826 మార్చి 10న తన అభిప్రాయమును వ్రాసెను. బడులు 12,498, పిల్లలు 1,88,650, జనసంఖ్య 1,28,50,941. అనగా సుమారు 68 మందికి ఒకరు. రాజధానిలో సగటుకంటె మన జిల్లా సగమునకు తక్కువగా నుండెనన్నమాట.

వీథిబడి దినచర్య

క్యాంబెల్ అంకెలతో ఆగలేదు. బడి నడుచు తీరును వివరముగా వ్రాసెను. బిడ్డకు అయిదేండ్లు రాగానే అయ్యవారిని, బడిలోని పిల్లలనందఱిని తల్లిదండ్రులు తమ యింటికి పిలుతురు. అందఱును విఘ్నేశ్వర విగ్రహము చుట్టును కూర్చుందురు. అయ్యవారు బిడ్డచేత ప్రార్థన చేయించి, పరచిన బియ్యములో వ్రేలు పట్టి దైవనామము వ్రాయించును. మఱునాటినుండి బిడ్డ బడికి పోవును. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. బిడ్డ బడికి పోవుటకు ముందు బడియే బిడ్డయింటికి వచ్చుచుండెను.

ఉదయము ఆఱుగంటలకే బడి ప్రారంభమగును. అందఱికంటె ముందు వచ్చిన వాని అరచేతిలో గౌరవ సూచకముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న వ్రాయుదురు; వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి క్రమముగా పెరుగుచుండును. సోమరులకు గుంజీళ్లును, చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయు శిక్షయు కలవని ఆయన వ్రాసెను. దీనినే మనవారు కోదండము వేయుట యందురు. ఈ శిక్షలను మెచ్చుకొనవలసిన పనిలేదు. చదువుపై ప్రేమకంటె అయ్యవారి భయమే పెక్కుమంది బాలురకు మిగిలినది.

పిల్లలు నాలుగు తరగతులుగా కూర్చుందురు. పై తరగతివారు క్రింది తరగతివారికి చెప్పుదురు. అయ్యవారు పై తరగతికి చెప్పుచు అందఱిపై ఒక కన్ను వేసియుంచును. మొదట ఇసుకపై వ్రేలితో వ్రాసి అక్షరము నేర్తురు. పిమ్మట పలకపైనను, గంజిపెట్టి మడతలు వేసిన కడితముపైనను బలపముతో వ్రాయుదురు. ఈ పద్ధతిని చెన్నపట్టణములో చూచిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు దానిని ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో ఒక పుస్తకముగా ప్రకటించెను. ఆపై ఇంగ్లండులో వేలకొలది పేదపిల్లలు ఆ విధముగనే చదివిరి. మన వీథి యరుగుమీది పద్ధతి సముద్రము దాటిపోయి అచ్చట గౌరవము పొందుట చరిత్రలోని విశేషము.

లోపమును క్యాంబెల్ దాచలేదు. పిల్లలు పద్యములు అసంఖ్యాకముగా కంఠస్థము చేయుదురుగాని, ఆ కావ్యభాష వాడుక మాటలకు దూరమగుటచే అర్థమును చిలుకకంటె ఎక్కువ యెఱుగరని ఆయన యభిప్రాయము. పద్యము కంఠమున నిలిచియుండుట మేలే. పెరిగి పెద్దవాడైన పిదప అర్థము తానై విచ్చుకొనును. కాని మూడు నాలుగేండ్లకే బడి మానిన పేదవానికి ఆ అవకాశము రాలేదు.

ఉత్తరములు చదివిన బడి

ఆ నివేదికలో ఒక చిన్న విషయము నన్ను మిక్కిలి ఆకర్షించినది. అయ్యవారు పలుచోట్లనుండి ఉత్తరములను సంపాదించి తెచ్చి, వేఱువేఱు చేతివ్రాతలను చదువుట పిల్లలకు నేర్పుచుండెనట. ఉత్తరములు వ్రాయుట, అర్జీలు, ఒడంబడికలు వ్రాయుట కూడ పాఠములోని భాగమే. ఇది వట్టి అభ్యాసము కాదు. ఊరిలో ఉత్తరము వచ్చినచో చదివి చెప్పువాడు, జవాబు వ్రాయువాడు బడిలోనే దొరకవలెను. పెండ్లి కబురు, చావు కబురు, అప్పుపత్రము, శిస్తు తగాదా, అన్నియు ఆ యరుగు మీదనే విప్పబడుచుండెను. అచ్చు పత్రికలు లేని కాలమున బడియే ఊరికి వార్తాస్థానము.

ఏటికొకమారు ఈ సంబంధము ఊరంతటికిని కనబడుచుండెను. దసరా దినములలో పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, వెదురు విల్లంబులు పట్టుకొని, పూలును బుక్కాయు చల్లుచు, పాటలు పాడుకొనుచు అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరిగెడివారు. గృహస్థులు అయ్యవారికి దక్షిణయు, పిల్లలకు పప్పు బెల్లములును ఇచ్చెడివారు. అది అయ్యవారి మామూలు వసూలే యైనను, పిల్లవాడు ఏమి నేర్చెనో ఊరి గుమ్మములముందు వినిపించు పరీక్షయు అదియే. దసరా మామూలుకు ఊరు తిరుగు ఆచారము నశించినది. ఊరిముందు బడి నిలుచుట మాత్రము నశింపరాదు.

క్షీణత

క్యాంబెల్ నివేదికలో అందఱికంటె దిట్టమైన భాగము చివరిది. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో నేడు బడులు లేవనియు, పెద్ద బడులున్నచోట కలవారి బిడ్డలు కొందఱే మిగిలిరనియు ఆయన స్పష్టముగా వ్రాసెను. కారణము దారిద్ర్యము. సీమబట్టలు దిగుటచే మన నేతగాండ్ర జీవనము దెబ్బతిన్నది. పిల్లవానికి కొంచెము శక్తి రాగానే తల్లిదండ్రులు కూలికి పంపవలసివచ్చెను. మగ్గములు నమ్ముకొన్న మన ప్రాంతమున ఈ మాటకు వ్యాఖ్యానము అక్కఱలేదు. ప్రభుత్వమువారు విద్యకొఱకు ఏమియు వ్యయపెట్టకుండుటయు ఒక కారణమేయని ప్రభుత్వోద్యోగియైన ఆయనయే చెప్పుట మెచ్చదగినది.

మన్రో తహసీలుకొకటి చొప్పున పాఠశాలలు పెట్టదలచెను. కాని 1827 జూలై 6న పత్తికొండలో విషూచికచే మరణించెను. ఆయన ఏర్పాటుచేసిన బడులు 1836లో ఎత్తివేయబడెను. ఊరి బడి మరల ఊరివారి దయపైనను, అయ్యవారి ఓపికపైనను పడెను.

బోర్డు బడి, టపా సంచి

1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యాలేఖతో సహాయ ద్రవ్యము ఇచ్చు పద్ధతి వచ్చెను. 1884 నాటి స్థానిక సంస్థల చట్టము పిమ్మట తాలూకా బోర్డులు పల్లెలలో బడులు పెట్టసాగెను. ఆనాటినుండి మన పెద్దల నోట అది బోర్డు బడి యయ్యెను. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము వచ్చినది. 1959 తరువాత పంచాయతి సమితుల చేతికి వచ్చి సమితి బడి యయ్యెను. 1986 నాటి చట్టముతో మండలములు ఏర్పడగా మండల పరిషత్తు బడి యయ్యెను. గోడమీది పేరు మాఱినదిగాని పిల్లవాడు చంకనిడుకొని పోయిన పలక మాఱలేదు.

బోర్డు బడి కాలమున వార్తకు క్రొత్త దారి యేర్పడినది. 1879లో మనదేశమున కార్డు ప్రవేశపెట్టబడెను. మఱుసటి యేడు మనియార్డరు వచ్చెను. పల్లెలలో శాఖా తపాలా కార్యాలయము నడుపుటకు వేఱుగా ఉద్యోగి నుంచుట ఖర్చుతో కూడినపని. అందుచేత పెక్కు గ్రామములలో బడిపంతులే పోస్టుమాస్టరు పనికూడ చూచెడివాడు. ఒక ప్రక్క ఎక్కములు వల్లెవేయుచుండగా, మఱియొక ప్రక్క టపా సంచి విప్పబడుచుండును. బొంబాయికి కూలికి పోయిన కొడుకు పంపిన డబ్బును, పట్టాళమునుండి వచ్చిన జాబును బడి గుమ్మముననే అందుకొన్న తల్లులు ఎందఱో.

తరువాత పత్రికలు వచ్చినవి. 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసెను. 1908లో బొంబాయినుండి వారపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. ఒక ప్రతి ఊరికి వచ్చినచో పంతులుగాని, పై తరగతి పిల్లవాడుగాని బిగ్గరగా చదువుటయు, పదిమంది వినుటయు వాడుక. ఆ 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘముగా ఏర్పడిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు జీవితమును ధారపోసిరి. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడియుండెను. ఉర్దూ రాజభాషగా నున్న నైజాము రాజ్యమున తెలుగు చదువుటకు బడి చాలని లోటును ఇట్టి భాషానిలయములు కొంత తీర్చినవి. బడిలో చదువ నేర్చినవాడు ఆ చదువును మఱువకుండుటకు గ్రంథాలయము కావలెనని ఆనాటి పెద్దలు గ్రహించిరి. మన గ్రంథాలయమును ఆ చెట్టు కొమ్మయే.

వెలుపల నిలిచినవారు

ఇప్పుడు ఆదిలో చెప్పిన లెక్కకు రావలెను. వీథి యరుగు ఎవరి యింటిదో వారి కట్టుబాటే బడికట్టుబాటు. మాల మాదిగ వాడల బిడ్డలు ఆ యరుగు ఎక్కలేదు. వారికి మొదట అక్షరములు చెప్పినవారిలో క్రైస్తవ మిషనులవారు ముఖ్యులు. ఒంగోలులో 1866 మొదలు క్లౌ దొర, మన ప్రాంతమున బళ్లారి, గుత్తి, జమ్మలమడుగులలో లండను మిషనువారు పల్లెబడులు నడిపిరి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభలో ఆది ఆంధ్రులు తమ హక్కులను తామే చాటుకొనిరి. బోర్డు బడికి చట్టరీత్యా తలుపులు తెఱచిన పిమ్మటను ఆ బిడ్డలను వేఱుగా, వెనుకగా కూర్చుండబెట్టిన గ్రామములు కలవు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. చాప ఒకటి కావలెనన్నచో చట్టముతోపాటు ఊరి మనసు కూడ మాఱవలసియుండెను.

బాలికల విషయమును అట్టిదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆ సంవత్సరముననే వివేకవర్ధని పత్రికను ఆరంభించిరి. బడిపంతులు వృత్తిలోనున్నవాడు ఒకచేత బడిని, ఒకచేత పత్రికను పట్టుట యాదృచ్ఛికము కాదు. బడిలోనికి రానివ్వని వారిని గూర్చి ఊరితో వాదింపవలెనన్నచో ఊరు చదువు కాగితము కావలెను.

ఈ వాదము ఫలము అంకెలలో కానవచ్చును. 1961 జనగణనలో ఆంధ్రప్రదేశమున నూటికి 21 మంది అక్షరాస్యులు. స్త్రీలలో 12 మందియే. 2011లో ఉమ్మడి రాష్ట్రమున నూటికి 67 మంది. స్త్రీలలో 59 మంది. తొమ్మిది బడులకు ఒక్క బాలిక యున్న కాలమునుండి ఇంతవఱకు వచ్చితిమి. అయినను పురుషులకును స్త్రీలకును నడుమ అంతరము మిగిలియే యున్నది.

స్వతంత్రము వచ్చిన పిమ్మట

1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు పెక్కు పల్లెలలో ఓటు పెట్టెలను బడిలోనే యుంచిరి. ఎన్నడును బడిమెట్టు ఎక్కని వృద్ధులు, ఎక్కనివ్వబడని వాడలవారు ఆనాడు వరుసగా నిలిచి లోనికి పోయిరి. చదువుకొఱకు దొరకని ప్రవేశము ఓటుకొఱకు దొరకినది. నాటినుండి ఎన్నికలైనను, టీకాలైనను, వరదవచ్చి ఇండ్లు విడిచినవారికి ఆశ్రయమైనను, ఊరికి మొదట జ్ఞప్తికి వచ్చునది బడియే. జనగణన వచ్చినచో ఇల్లిల్లు తిరిగి వ్రాయువాడు బడిపంతులే.

1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఒక విచిత్రమైన ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సాయముతో ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారము చేసిరి. అందు మన రాష్ట్రమునకును భాగము కలదు. పట్టణములలో పెక్కుమంది టెలివిజను చూడని దినములవి. పెట్టెను బడివంటి సార్వజనిక స్థలమున నుంచిరి. ఉదయము పిల్లలకు తెలుగున 22½ నిమిషముల పాఠము. సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, వార్తలు. ఉదయము పిల్లలు కూర్చున్న నేలమీదనే సాయంకాలము తల్లిదండ్రులు కూర్చుండిరి. ప్రయోగము ఏడాదితో ముగిసినను, బడియే ఊరికి వార్తాస్థానమను పాత నిజము క్రొత్త రూపమున మరల ఋజువైనది.

అక్షరమునకు గల బలము తెలియవలెనన్నచో నెల్లూరు జిల్లా దూబగుంటను చూడవలెను. 1991లో ఆ జిల్లాలో అక్షరదీపము అను పేర సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము జరిగెను. పగలు కూలిపనికి పోయివచ్చిన స్త్రీలు రాత్రి పలక పట్టిరి. వారి వాచకములో సీతమ్మ కథ అను పాఠముండెను. సారావలన సంసారము పాడగుటయు, ఊరి ఆడువారు కూడి దుకాణము మూయించుటయు అందలి విషయము. చదివినవారు అది పాఠముగా విడిచిపెట్టలేదు. దూబగుంట రోశమ్మ మొదలగువారు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ వార్త ఊరినుండి ఊరికి ప్రాకి 1992లో రాష్ట్రమంతట ఉద్యమమయ్యెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. క్యాంబెల్ చెప్పిన చిలుక పలుకులకును, ఈ చదువునకును గల భేదము గమనింపదగినది. అర్థము తెలిసి చదివిన ఒక్క పాఠము ప్రభుత్వమును కదల్చినది.

ఒక పంక్తి భోజనము

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టవలెనని ఉత్తర్వు చేసెను. మన రాష్ట్రమున 2003 జనవరి నుండి మధ్యాహ్న భోజనము అమలైనది. వంటపని ఊరి మహిళా సంఘములవారు చేపట్టిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి వేళ కాని వేళ అన్నము పెట్టిన ఆ పుణ్యమూర్తి పేరు తగినదే.

భోజనమువలన కలిగిన లాభము ఆకలి తీరుట యొక్కటియే కాదు. తాతలు ఎవరితో ఎవరు కూర్చుండి తినరాదని నియమించిరో, ఆ నియమమును మనుమలు ప్రతిదినము ఒంటిగంటకు పళ్లెము చేతబట్టి త్రోసివేయుచున్నారు. ఒక సంస్కర్త నూఱు ఉపన్యాసములిచ్చినను సాధింపని పని ఇది. ఎచ్చటనైనను వంటమనిషి కులము నెన్ని బిడ్డను పంక్తినుండి లేపు తల్లిదండ్రులున్నచో, వారు ఆ పాత యరుగును మరల కట్టుచున్నారని తెలిసికొనవలెను.

నేటి స్థితి, మన కర్తవ్యము

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘముండవలెననియు, అందు నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. అయ్యవారి కొలువు ఊరి పెద్దయింటి యరుగుమీద ఆధారపడిన కాలము పోయి, కూలిచేయు తల్లి బడి లెక్కలు అడుగు అధికారము పొందినది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. అధికారము కాగితముపై నున్నది. దానిని వాడుకొనుట మన వంతు.

ఏలయనగా, ఇంకొక ప్రక్క బడి పలుచబడుచున్నది. శక్తిగలవారు బిడ్డలను బస్సులలో పట్టణపు బడులకు పంపుచున్నారు. పని వెదకికొనుచు వలసపోవు కుటుంబములు బిడ్డలను వెంట తీసికొనిపోవుచున్నవి. ఇరువదికి లోబడిన పిల్లలతో, ఒకే ఉపాధ్యాయునితో నడచు బడులు మన రాష్ట్రమున చాల కలవు. 1823లో బళ్లారి జిల్లాలో బడికి సగటున పండ్రెండుగురని వ్రాసితిని. ఆనాడు పిల్లలు తగ్గుటకు దారిద్ర్యము కారణము. నేడు పేదవాడు మిగిలి కలవాడు తొలగుట కారణము. కారణము వేఱైనను ఫలము ఒకటియే కావచ్చును. బడి మూతపడిన ఊరిలో పిల్లలకు దూరము నడచు శ్రమ మాత్రమే కాదు, కులము, వాడ, ఆస్తి అను భేదములు విడిచి అందఱి బిడ్డలును ఒకేచోట కూర్చుండు తావు లేకుండును. గుడికి, కల్లమునకు, అంగడికి ఆ గుణము లేదు.

చేతిలో పనిముట్టున్న వేళ వార్తలకు కొఱత యేమని యువకులు అడుగవచ్చును. ఫోనులో లోకమంతటి వార్త వచ్చును, నిజమే. కాని అది ఒక్కొక్కని చేతిలోనికి వేఱువేఱుగా వచ్చును. ఊరివారందఱు కలసి విని, నిజానిజములు విచారించు వార్త వేఱు. అట్టి వార్తకు బడియు, గ్రంథాలయమును జతగా నుండవలెను.

ఇందుకు పెద్ద వ్యయము అక్కఱలేదు. మన గ్రంథాలయమునకు ప్రతిదినము పత్రికలు వచ్చుచున్నవి. పై తరగతి పిల్లలు ఇరువురు వంతులవారీగా వచ్చి, ముఖ్యవార్తలు నాలుగు వ్రాసికొనిపోయి, ప్రార్థనవేళ చదివి నల్లబల్లపై వ్రాయవచ్చును. దానిక్రింద ఊరి వార్త ఒకటి చేర్చవలెను: ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసినది, వేరుసెనగ ధర యేమి, చెఱువులో నీరెంత. నెలకొకమారు తల్లిదండ్రులు వచ్చినపుడు పిల్లలచేతనే వానిని చదివింపవచ్చును. దసరానాడు ఇల్లిల్లు తిరిగి వినిపించిన పూర్వాచారమునకు ఇది నేటి రూపము.

మఱియొక ముఖ్యమైన పని కలదు. పాఠశాలలోని ప్రవేశ పట్టికలు, హాజరు పట్టీలు ఊరి చరిత్రకు శాసనములవంటివి. రాజుల శాసనములు దానమిచ్చినవారి పేర్లు చెప్పును. ఈ పట్టికలు కూలివాని బిడ్డ పేరును, ఆ బిడ్డ బడిలో చేరిన తేదీని, మానిన తేదీని చెప్పును. ఏ వాడనుండి మొదటి బాలిక యెప్పుడు వచ్చినది, ఏ కరవులో ఎందఱు మానివేసిరి యను సంగతులు వానియందే తెలియును. చెదలకు విడువక ప్రధానోపాధ్యాయుల అనుమతితో వానికి నకళ్లు తీయించి, పాఠశాలయందొకటి గ్రంథాలయమందొకటి భద్రపఱచవలెను. క్యాంబెల్ రెండువందల యేండ్లక్రిందట అంకెలు వ్రాసియుంచుటచేతనే నేడు మనము తొమ్మిది బడులకొక బాలిక యని చెప్పగలుగుచున్నాము. రాబోవు తరమువారు మనలను గూర్చి చెప్పుకొనుటకు మనము కూడ అంకెలను మిగుల్చవలెను.

గ్రంథాలయ సభ్యులకు నా విన్నపము ఒక్కటి. ఈ రజతోత్సవ సందర్భమున మనము క్రొత్త పుస్తకములు కొనుటతోపాటు, మన ప్రాథమిక పాఠశాల పట్టికలో చేరవలసిన ప్రతి బిడ్డ పేరును చేరునట్లు చూడవలెను. నేడు అచ్చట పలక పట్టిన వారే మన గ్రంథాలయ స్వర్ణోత్సవమును నడుపువారు.